పురుగు కడుపుకు తూట్లు

"పంపు మోసింది నేను, పడిపోయింది నువ్వా!" పోయినేడు మొగుడు గంగాకిషన్ అన్న ఈ మాట, నీళ్ల బిందె ఎత్తినప్పుడల్లా పద్మలతకు గుర్తొస్తూనే ఉంటుంది. మగవాడు వీపుకు పంపు కట్టుకుని చేనుకు మందు కొడతాడు. ఆడది నీళ్లు మోసి, మందు కలిపి, ఆ తుంపరలోనే వెనకాల నడుస్తుంది. కష్టపడ్డాడన్న పేరు మాత్రం పంపు మోసినవాడికే! ఆ రోజు కళ్లు తిరిగి, వాంతులై, ఆర్మూరు దవాఖానలో రెండు రోజులు ఉండి వచ్చిందామె. వచ్చిన సాయంత్రమే రొట్టెలు చేసింది. "మేం నలభై ఏండ్ల సంది మోస్తలేమా?" అని అత్త గంగమణి మూతి తిప్పింది కూడా.

ఈ ఏడు పసుపు సాళ్ల మధ్య వేసిన మక్కజొన్నకు మళ్లీ కత్తెర పురుగు పట్టింది. అదే ఘాటు మందు డబ్బా ఇంటికొచ్చింది. మళ్లీ ఆ తుంపరలోకి వెళ్లడమంటే పద్మలతకు చచ్చేంత భయం. పురుగులింకా చిన్నవే కదా అని, డిగ్రీలో జువాలజీ చదివిన ధైర్యంతో బ్యాక్టీరియా పొడి తెచ్చి, పొద్దుగూకే వేళ తనే పంపు కట్టుకుని కొట్టింది. ఆ పొడిలోని ప్రోటీన్ పురుగు కడుపులోకి పోతే పేగు గోడకు సన్నని తూట్లు పొడుస్తుంది. మనిషి పేగుల్లో దానికి పట్టు దొరకదు. ఎంత మంచి విషం!

తెల్లారి గంగాకిషన్ ఒక మక్క మొక్క నడిమి ఆకుల సుడి విప్పి చూసి పకపకా నవ్వాడు. "ఏవి చచ్చినయి? మంచిగ మెదులుతున్నయి! పొద్దుగాల్లకు రాలి పడకపోతే గది మందెట్లయితది? రేపు నా మందే కొడ్త. నీళ్లు తయారు పెట్టు."

ఆ ఊళ్లో అందరి లెక్కా అంతే, పురుగు రాలితేనే మందు. నిజంగానే తప్పు చేశానా, ఇన్నేళ్లు రొట్టెలు కాలుస్తూ చదివిందంతా మరిచిపోయానా అని పద్మలత గింజుకుంది. కానీ ఊరుకోలేదు. చావడం ఆలస్యమైనా, పేగుకు తూట్లు పడ్డ పురుగు ముందు తిండి మానేయాలి కదా. పది మొక్కల సుడుల్లో పురుగు పెంటంతా తుడిచేసి, పాత చీర పేలికలు కట్టి గుర్తు పెట్టుకుంది.

మర్నాడు నీళ్లు తోడకుండా నేరుగా చేనుకు నడిచింది. పది సుడులూ విప్పింది. ఒక్కదానిలోనూ కొత్త పెంట లేదు. తింటే కదా! పురుగులు కొన్ని మెత్తబడి, కొన్ని నల్లబడి వేలాడుతున్నాయి. హమ్మయ్య! గట్టు మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది కూడా.

వెనకే వచ్చిన మొగుడూ అత్తా చూశారు. "సరేలే," అన్నాడు గంగాకిషన్. "నా డబ్బా ఇంట్ల ఉంటది. వచ్చేసారి పనికొస్తది."

"ఉండది. ఇయ్యాలనే దుకాణంల వాపస్ ఇచ్చొస్త," అంది పద్మలత.

అతను సాయం కోసం తల్లి వైపు చూశాడు. గంగమణి పురుగునే చూస్తూ నెమ్మదిగా అంది.

"ఇచ్చి రానియ్యిరా. గా మందు కొట్టినప్పుడల్ల నాకు గూడ కండ్లు తిరుగుతుండె. మీ నాయిన నవ్వుతడని ఎన్నడు చెప్పలే."