మూడో గంట మీద నింద

మధ్యాహ్నమంతా ఆగకుండా సాగాల్సిన గంటల మోత, ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా చెడిపోయింది.

చర్చి బురుజులో ఆరుగురు, ఆరు తాళ్లు. ఒక్కో తాడుకు పైన ఒక్కో గంట; అవి మోగే వరస ఎప్పుడు మార్చాలో కేక వేసి చెప్పేవాడు క్లెమెంట్ యార్వుడ్. వరస ఒక్కసారి తప్పిందా, అంతవరకు మోగించినదంతా వృథా. “ఆపండి!” అని అరిచిందీ, “మూడోది తప్పింది” అన్నదీ అతనే.

మూడో తాడు అతని బాబాయి కొడుకు రూబెన్‌ది.

“నేనా, అన్నా?”

“కాకపోతే నేనా?”

మిగతా నలుగురూ నవ్వారు. రూబెన్ తాడు చుట్టి కట్టి, కోటు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ బురుజు ఎక్కలేదు.

నిజానికి కేక ఆలస్యంగా వేసింది క్లెమెంటే. మాట నోరు దాటుతుండగానే అతనికి తెలిసింది. అంతకుముందు కేక వేసే తాత పోయాక, పెద్ద మనవడని ఆ స్థానం తనకిచ్చారు గానీ, వరస పట్టే చెవి రూబెన్‌దని ఊరంతా ఎరుగును. తప్పు ఒప్పుకుంటే స్థానం దక్కదనుకున్నాడు.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు అన్నదమ్ములు కంచెకు ఇరువైపులా నిలబడి వానల గురించీ గొర్రెల గురించీ మాట్లాడుకున్నారు. గంటల ఊసు ఎవరూ ఎత్తలేదు. రూబెన్‌కి అంతా తెలుసనీ, మనసులో పెట్టుకుని తనను శిక్షిస్తున్నాడనీ క్లెమెంట్ నమ్మాడు. ఆ మౌనం మీద అతనికి కోపం కూడా వచ్చేది.

మొన్న మార్చిలో రూబెన్ పోయాడు. చావుకి ఆనవాయితీగా గంటల నాలుకలకు ఒక పక్క తోలు కట్టి మోగించారు. ఒక దెబ్బ గట్టిగా, తర్వాతిది ఎక్కడో కొండ అవతల నుంచి వచ్చినట్టు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక అందరికీ టీ ఇస్తూ రూబెన్ భార్య హిల్డా క్లెమెంట్ పక్కన ఆగింది.

“ఆయనకి ఇవాళ మోత నచ్చేది, బావగారూ.”

“మరి ఇన్నాళ్లూ బురుజుకి రాలేదేం? నా మీద కోపమా?”

“మీ మీదా? అయ్యో! ‘నా చెవి పోయింది, హిల్డా. నాకు సరిగ్గానే వినిపించింది గానీ, తప్పని క్లెమ్ అన్న చెప్పాడు. అన్న అబద్ధమాడడు’ అనేవారు. మళ్లీ తాడు పట్టుకోవాలంటే భయం ఆయనకి.” ఆమె గొంతు తగ్గించింది. “అంత పెద్ద తప్పా అది?”

క్లెమెంట్ కప్పు కింద పెట్టాడు.

“చిన్నదేనమ్మా. ఎవరికైనా జరిగేదే.”

“అలాగా,” అంది హిల్డా. ఆమె ముఖం కాస్త తేలికపడింది.

ఇప్పుడు జూన్ నెల. హిల్డా ఇల్లు ఒక్క పొలం అవతలే. క్లెమెంట్ ఇంకా ఆమెకు నిజం చెప్పలేదు.