ఇంటి సాక్ష్యం

అప్పు తీరుస్తామని డబ్బు పట్టుకుని తిరుగుతుంటే తీసుకునే దిక్కు లేదంటే ఎవరైనా నమ్ముతారా? నేనైతే నమ్మకపోదును. ఆ తిరుగుడేదో నేనే తిరిగాను కాబట్టి ఇప్పుడు ఏం చెప్పినా నమ్ముతాను.

ఎనిమిదేళ్ళ కింద హనుమకొండ శివారులో ఈ చిన్న ఇల్లు కొన్నప్పుడు ధర పాతిక లక్షలు. అందులో అయిదో వంతు, అంటే అయిదు లక్షలు, ఏదో స్కీం కింద సర్కారు పెట్టింది. వడ్డీ లేదన్నారు. వడ్డీ లేని అప్పు అనేసరికి మా ఆయన సుధీర్, నేను ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకాలు పెట్టాం. తర్వాత తీరిగ్గా తెలిసిన సంగతేమిటంటే, తీర్చేటప్పుడు కట్టాల్సింది అయిదు లక్షలు కాదు. ఆ రోజు ఇల్లు ఎంత ధర పలికితే అందులో అయిదో వంతు. అది తీరేదాకా ఇంట్లో దుకాణం పెట్టకూడదు, వ్యాపారం చేయకూడదు. పెడితే స్కీం రద్దు.

నా బతుకేమో దుకాణమే. చౌరస్తాలో ఒక మడిగె కిరాయికి తీసుకుని బ్లౌజులు కుడతాను, మగ్గం వర్కు చేస్తాను. దాని ఓనరు పాతది కూలగొట్టి కొత్తది కడతానని, నవంబరు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. క్రిస్మస్ ముందు నెల అది. మా చర్చి ఆడవాళ్ళంతా నా దగ్గరే కుట్టించుకుంటారు, ఏడాది సంపాదనలో సగం ఆ నెలలోనే వస్తుంది. కొత్త మడిగెలకు అడిగే అడ్వాన్సు వింటే కళ్ళు తిరిగాయి. అందుకని మా ముందు రూములోకే మిషన్లు తెచ్చుకుందామనుకున్నాం. దానికి ముందు సర్కారు వాటా తీర్చాలి. చిట్టీ ఎత్తి, ఉన్నదంతా ఊడ్చి ఎనిమిది లక్షలు పోగేశాం. అంటే ఇంటి ధర నలభై లక్షలు దాటిందా, మా పని అయిపోయినట్టే.

సుబేదారిలోని స్కీం ఆఫీసుకు వెళ్తే రాజేశ్వరి మేడం అనే ఆవిడ తలెత్తకుండానే చెప్పింది.

"మా లిస్టుల ఉన్న వాల్యుయేటరే వచ్చి ఇల్లు చూసి రేటు కట్టాలె. ఆయన రిపోర్టు మూడు నెలలే పనిచేస్తది. పైసలు మొత్తం ఒక్కసారే కట్టాలె."

లిస్టులో వరంగల్‌కు ఉన్నది ఒక్కడే, ఓంప్రకాశ్ సార్. ఫీజు ముందే కట్టించుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "తొవ్వలనే ఉన్న, వస్తానమ్మా" అనేవాడు. ఆ తొవ్వ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిపోయిందో ఆయనకే తెలియాలి. ఓసారి తొర్రూరులో ఉన్నానన్నాడు, ఓసారి ఎవరిదో పెళ్ళన్నాడు. ఇక్కడ దసరా పోయింది, నవంబరు వచ్చింది.

ఆయన వచ్చే లోపల నేను ఇంటిని తయారు చేశాను. చుట్టాలొస్తే ఇల్లు సర్దుతాం కదా, ధర తక్కువ కట్టాలని నేను చెదరగొట్టాను. వెనక రూములో ఒక మూల వానకు ఉరిసి గోడ నల్లబడింది. దానికి అడ్డంగా ఉన్న బైబిలు వాక్యాల క్యాలెండర్ తీసేశాను. గేటుకు వేద్దామని తెచ్చిన రంగు డబ్బా మంచం కిందికి తోశాను. తెల్లారి చూస్తే క్యాలెండర్ మళ్ళీ గోడకే ఉంది. మా అత్తమ్మ పెట్టింది.

మా అత్తమ్మ పేరు సారమ్మ. దవాఖానలో ఆయాగా చేసి రిటైరయింది. మామయ్య ఉన్నన్నాళ్ళూ కిరాయి ఇళ్ళలోనే బతికారు. అలాంటి మనిషికి ముసలితనంలో సొంత ఇల్లు దొరికింది. ఇంట్లోకి వచ్చిన రోజున ఏటేటా ఇక్కడ ప్రార్థన కూటం పెడతాం. పాస్టర్ అయ్యగారు "ఎవరైనా సాక్ష్యం చెప్పుండ్రి" అనడమే ఆలస్యం, అత్తమ్మ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుడు ఈ ఇల్లు ఎలా ఇచ్చాడో మొదటి నుంచి చెబుతుంది. ఏటా అదే కథ. పిల్లలకు కూడా నోటికి వచ్చు.

"అత్తమ్మా, ఆ సార్ వస్తే నువ్వేం మాట్లాడకు" అని ముందే చెప్పాను. "ఇల్లు మంచిగున్నదంటే మనకే నష్టం."

"అబద్ధం ఎట్ల చెప్పాలె బిడ్డా?"

"అబద్ధం చెప్పమనలే. సప్పుడు జేయకుండ కూసోమన్న, గంతే."

"సరే" అంది. ఆ "సరే" నమ్మినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

ఓంప్రకాశ్ సార్ చెప్పిన రోజుల్లో ఒక్కనాడూ రాలేదు. చెప్పని రోజున వచ్చాడు. నేను మడిగెలో ఉండగా పక్కింటి సుగుణ ఫోన్ చేసింది. "వదినా, మీ ఇంటికి ఎవరో ఆఫీసరొచ్చిండు. మీ అత్తమ్మ కుర్చీ ఏసి కూసోబెట్టింది." కత్తెర అక్కడే పడేసి బండి తీశాను.

నేను వచ్చేసరికి ఆయన ముందు రూములో ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సర్వపిండి ముక్క. అత్తమ్మ ఆయన ఎదురుగా నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

"దేవుని నామానికి స్తోత్రం. నా పెండ్లయిన కాన్నించి కిరాయి ఇండ్లే సార్. ఓనరు పొమ్మన్నప్పుడల్లా గిన్నెలు నెత్తిన పెట్టుకొని పోయినం. గసొంటి మాకు దేవుడు ఈ ఇల్లిచ్చిండు. బోరేస్తే నూట ముప్పై అడుగులకే నీళ్ళు పడ్డయి. పక్కోళ్ళు నాలుగొందలు పోయినా దుమ్మే లేసింది. చక్కెర లెక్క నీళ్ళు సార్, సగం గల్లీ మా దగ్గర్నే పట్టుకపోతది."

నేను తలుపు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపాను, చేతులూపాను, కళ్ళు పెద్దవి చేశాను. ఏం లాభం? సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె కళ్ళు తెరవదు.

"ఆ ఏడు వరదొచ్చి గల్లీ మొత్తం మునిగింది సార్. మా గడప దాక వచ్చి నీళ్ళు నిలవడ్డయి. ఒక్క సుక్క లోపల్కి రాలే. ఇసొంటి ఇల్లు పైసలు పెట్టినా దొరకదు."

"అత్తమ్మా!" అన్నాను. "సార్‌కు లేటయితాంది."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఓంప్రకాశ్ సార్‌ను వెనక రూములోకి తీసుకెళ్ళి, క్యాలెండర్ పీకి, గోడ చూపించాను. "చూడుండ్రి సార్, వానొస్తే ఉరుస్తది. గోడంత పాడయింది."

"ఆ ఒక్క మూలనే బిడ్డా" అంది వెనక నుంచి అత్తమ్మ. "జర సున్నమేస్తే పోతది."

ఆయన ఫోటోలు తీసుకుని, గోడకు ఎర్రటి లైటు కొట్టి కొలతలు తీసుకుని, ఇంకో సర్వపిండి ముక్క తీసుకుని వెళ్ళిపోయాడు.

గేటు పడీ పడకముందే నేను అరిచాను. నా గొంతు గల్లీలోకి వినిపించే ఉంటుంది. "మాట్లాడకు అని నెత్తి కొట్టుకున్న గదా! ఒక్క అరగంట నోరు మూసుకోరాదా? ఆయనకు చెప్పేటియా అవి? ఇది నీ చర్చి కాదు అత్తమ్మా, నా బతుకు. నీ సాక్ష్యం నా దుకాణాన్ని ముంచింది."

అత్తమ్మ ఆయన తాగిన గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళింది. కడిగిన గ్లాసునే చాలాసేపు కడిగింది. ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు సాక్ష్యాలు అడిగితే అందరూ అలవాటుగా మా అత్తమ్మ వైపు చూశారు. ఆమె తల దించుకుని కూర్చుంది. నాకు ఇంకా కోపం తగ్గలేదు, అందుకే పట్టించుకోలేదు.

రిపోర్టు వచ్చింది. నలభై ఏడు లక్షలు. అందులో అయిదో వంతు తొమ్మిది లక్షల నలభై వేలు. మా దగ్గరున్నవి ఎనిమిది. ఎవరినడగాలి, ఎక్కడ పుట్టించాలి? సుధీర్ పనిచేసే బ్యాటరీ దుకాణం సేటు అప్పటికే ఒక అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు, మళ్ళీ అడిగితే మొహం తిప్పుకున్నాడు. నేను రిపోర్టు పట్టుకుని ఓంప్రకాశ్ సార్ ఆఫీసుకే వెళ్ళాను.

"సార్, మా అత్తమ్మ పెద్దమనిషి. ఇంటి మీద ప్రేమతోని ఏదో చెప్పింది. అది పట్టుకొని గింత రేటు ఏస్తరా?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "ఎవరమ్మా? సర్వపిండి పెట్టిన పెద్దమ్మనా? ఏదో చెప్పింది గని నేను ఫోన్ల మెసేజ్‌లు చూస్కుంటాన అప్పుడు. ఏం చెప్పింది?"

నేను చేతిలోని రిపోర్టు ఆయన ముందు పెట్టాను.

"రేటు గజానికి పడ్తదమ్మా. లోపల ఎవరేం చెప్పినా నాకు లెక్క లేదు. మీ ఇంటి ముందర అరవై ఫీట్ల రోడ్డున్నది. అందుకే గా రేటు."

"ఎక్కడున్నది సార్ అరవై ఫీట్ల రోడ్డు? ట్రాలీ ఎదురొస్తే బండి దిగి మోరీ మీద నిలవడాలె."

"ప్లానుల ఉన్నది."

"ప్లాను మీద నడుస్తమా సార్?"

"రేపు అమ్మేటప్పుడు మీరు గూడ గదే రోడ్డు చెప్పుకొని అమ్ముతరు గదమ్మా" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా మండింది.

రాజేశ్వరి మేడం దగ్గరికి వెళ్తే, ఎనిమిది ఇప్పుడు కట్టి మిగతాది తర్వాత కడతానంటే కుదరదంది. మూడు నెలల్లో కట్టకపోతే మళ్ళీ వాల్యుయేషన్, మళ్ళీ ఫీజు. "అప్పటికి రోడ్డు పడితే రేటు ఇంక పెరుగుతది, ఫికర్ చేయకుండ్రి" అంది. నన్ను ఓదారుస్తున్నాననే అనుకుంది పాపం.

సాయంత్రం సుధీర్ రిపోర్టు మొత్తం బయటికి చదివాడు. అత్తమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. స్థలం, కొలతలు, రోడ్డు, అన్నీ అయ్యాక చివర్లో ఒక లైను ఉంది. లోపలి స్థితి: సాధారణం.

"అంటే ఏందిరా?" అంది అత్తమ్మ.

"ఏం లేదమ్మా. మామూలు ఇల్లు అని."

"ఊఁ" అంది. మళ్ళీ చేటలోకి వంగింది.

అప్పుడే చెప్పాల్సింది, అత్తమ్మా, నీ మాటకూ ఈ రేటుకూ ఏం సంబంధం లేదట, ఊరికే నిన్ను తిట్టాను అని. నోటి దాకా వచ్చింది. బయటికి మాత్రం ఓంప్రకాశ్‌ను, ఆ లేని రోడ్డును తిట్టడమే వచ్చింది. తప్పయిందని చెప్పడం కన్నా ఎవరినో తిట్టడం సులువు కదా.

నవంబరు ఆఖరున మడిగె ఖాళీ చేశాను. ఒప్పుకున్న క్రిస్మస్ బ్లౌజుల బట్టలు ఇంటింటికీ తిరిగి వాపసు ఇచ్చాను. ఒక్కొక్కరు "అయ్యో" అంటుంటే ఒక్కో గేటు దగ్గర ప్రాణం పోయినట్టుండేది. రెండు మిషన్లు, మగ్గం తెచ్చి ముందు రూములో పెట్టి దుప్పట్లు కప్పాం. మిషన్లు ఉన్నాయి, పని ఉంది, చేతులున్నాయి. కుట్టడానికే వీల్లేదు. ఆ రూములోంచి వెళ్ళినప్పుడల్లా వాటిని ఒక తన్ను తన్నాలనిపించేది.

డిసెంబరు మొదటి వారంలో ఇంటి కూటం వచ్చింది. మిషన్లను గోడకు నెట్టి చాపలు పరిచాం. పాటలయ్యాయి, వాక్యం అయింది. అయ్యగారు అత్తమ్మ వైపు తిరిగారు.

"సారమ్మమ్మా, ప్రతి ఏడు లెక్కనే సాక్ష్యం చెప్పుండ్రి."

అత్తమ్మ లేవలేదు. "నాకేం లేదయ్యగారూ" అంది చాప వైపు చూస్తూ. "సాధారణ ఇల్లేనట మాది. సర్కారు కాయిదంల రాసిండ్రు."

సుధీర్ నా వైపు చూశాడు. సర్వపిండి తిన్నవాడు వినలేదు సరే, ఆమెను నమ్మి వినాల్సిన నేనేం చేశాను?

లేచి నిలబడ్డాను. చర్చిలో గానీ ఇంట్లో గానీ నేనెప్పుడూ సాక్ష్యం చెప్పినదాన్ని కాదు. చేతులు కట్టుకున్నాను, కళ్ళు మూసుకున్నాను.

"దేవుని నామానికి స్తోత్రం" అన్నాను. ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. "మా ఇంటి ముందర రోడ్డు లేదు. ఉన్నదని రాసిండ్రు."

ఎవరో నవ్వారు. నేను ఆగలేదు.

"ఉన్న పైసలు సాలలే. నా దుకాణం పోయింది. మిషన్లు గిట్ల ముసుగేసుకొని కూసున్నయి. నాకు మస్తు కోపమున్నది, దేవునికి దాచేది ఏమున్నది? ఆ కోపమంత తీస్కపోయి మా అత్తమ్మ మీద ఏసిన. ఆమె తప్పేం లేదు. ఆమె ఉన్నదే చెప్పింది. వరదొస్తే నీళ్ళు మా గడప దాక వచ్చి ఆగినయి, నేను నా కండ్లతోని చూసిన. బోరు నూట యాభై అడుగులకే..."

"నూట ముప్పై" అంది అత్తమ్మ.

కళ్ళు తెరిచాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేస్తోంది.

"నువ్వు కూసో బిడ్డా" అంది. "నీకు చెప్పుడు రాదు."