మూడో ఆవిడ కథ

మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఇంకా ఎక్కని రోజే మా ఇంట్లో ఆడవాళ్లకు సెలవు. ఆ రోజు నూలు కండెలు చుట్టక్కర్లేదు, పోగులకు గంజి కాచక్కర్లేదు. యుద్ధం వచ్చి నూలుకు కంట్రోలు పెట్టిన తరవాత మగ్గం ఖాళీగా ఉండే రోజులు ఎక్కువయ్యాయి. కానీ వాటిని సెలవు అనుకోవడానికి మనసొప్పేది కాదు. మగ్గం ఊరికే ఉంటే పొయ్యి కూడా ఊరికే ఉంటుంది.

ఈసారి నూలు వచ్చింది. మర్నాటి నుంచి అచ్చు అతకాలి. అంటే, దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. మా అత్తగారు చౌడేశ్వరమ్మకు చూపు సరిగా ఆనడం లేదు. ఆవిడ అత్తగారు ఆదెమ్మకు, అంటే మేమంతా మామ్మ అని పిలిచే ముసలావిడకు, చేతులు వణుకుతాయి. కాబట్టి అది నా పని. పొద్దున కూర్చుంటే దీపాలవేళ దాకా లేవడానికి ఉండదు. మధ్యలో లేస్తే పోగులు కలగాపులగం అవుతాయి. ఆరు నెలలైనా నిండని పిల్లవాణ్ణి అంతసేపు ఏం చెయ్యాలి?

ఏం చెయ్యాలో మా కంకిపాడు సాలెవీధిలో అందరికీ తెలుసు. ఆవగింజంత నల్లమందు తల్లిపాలలో రంగరించి నాకిస్తే పిల్లలు సాయంత్రం దాకా కదలకుండా పడుకుంటారు. మా ఆయన భావనారాయణ అలాగే పెరిగాడు. నేనూ అలాగే పెరిగి ఉంటాను. కానీ అది విషమని బళ్లో టీచరమ్మ ఒకసారి చెప్పింది. ఆరో తరగతిలో నా చదువు మానిపించారు. చదివిన వాటిలో చాలా మరిచిపోయాను గానీ ఆ ఒక్క మాట మనసులోంచి పోలేదు. వాడికి జలుబనీ, విరేచనాలనీ, ఏదో ఒక వంక చెప్పి ఇన్నాళ్లూ తప్పించాను. అచ్చు అతికే రోజు దగ్గరపడేసరికి వంకలు అయిపోయాయి.

సినిమాకు పోదామన్నది పక్కింటి సుబ్బరత్నం. బెజవాడలో కొత్త సినిమా ఆడుతోందని, అందులో మూడు కాలాల ఆడవాళ్ల కథలున్నాయని, ముగ్గురి వేషమూ ఒక్కావిడే కట్టిందని ఎవరో చెప్పారట. మా ఆయన ఎలాగూ నేసిన చీరలు అమ్మకానికి తీసుకుని బెజవాడ వెళుతున్నాడు. ఎప్పుడూ గడప దాటని మా అత్తగారు "పోదాం పదవే, రేపటి నుంచి మళ్లీ ఎప్పుడు తీరుతుందో" అంది. నేను ఆశ్చర్యపోయాను. నేను జడ వేసుకునేంతసేపు మామ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని పెరట్లో తిప్పింది. తరవాత బొగ్గుతో నడిచే ఆ బస్సులో దుమ్ము తింటూ, ఆగిన చోటల్లా దిగి ఎక్కుతూ మధ్యాహ్నానికి చేరాం.

హాల్లో ఆడవాళ్ల వైపు అడ్డంగా పరదా కట్టి ఉంది. నేల మీద చాపలు. అప్పటికే పిల్లల ఏడుపులు, వేరుశనక్కాయల పొట్టు. పిల్లవాడు బస్సులోనే తూగుతున్నాడు, ఎండకు సొమ్మసిల్లాడనుకున్నాను. దీపాలు ఆర్పేముందు మా అత్తగారు వాణ్ణి నా ఒళ్లోంచి తీసుకుని, బొడ్లోంచి చిన్న రేకు డబ్బీ తీసింది.

"అత్తయ్యా, ఇవాళ వద్దండి. ఏడిస్తే నేను బయటికి తీసుకుపోతాను."

"టిక్కెట్టు కొనుక్కుని బయట నిలబడతావా? సగమే పెడతాలే. రేపటికి అలవాటవుతుంది."

"వాడు నిద్రపోతూనే ఉన్నాడుగదండీ."

"ఈ గోలలో లేస్తాడు. నీ మొగుడికి నేను పెట్టలేదా? వాడేమన్నా చెడ్డాడా?"

"కాస్త మందబుద్ధి అయ్యాడంతే" అంది సుబ్బరత్నం. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. అత్తగారు కూడా నవ్వుతూ మందు అద్దిన వేలు వాడి నోట్లో పెట్టి తీసేసింది. వాడు చప్పరించను కూడా లేదు. ఈలోగా దీపాలు ఆరిపోయాయి.

సినిమాలో మొదటి ఆవిడ రాజుల కాలపు మనిషి. కృష్ణ ఒడ్డున ఇల్లు. మొగుడు దండుతో యుద్ధానికి పోతాడు. ఈవిడ రోజూ గుమ్మంలో నిలబడి చూస్తుంది. చివరికి అతను ఏనుగు మీద వస్తాడు, పక్కన ఇంకో పెళ్లాంతో. ఆవిడ ఒక్క మాటా అనదు. లోపలికి వెళ్లి, వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి ఇచ్చి, వెనక గుమ్మంలోంచి ఏట్లోకి నడిచిపోతుంది. మునిగేముందు నీళ్లలోకి చూస్తే అక్కడ తన మొహమే ఇంకో మనిషిదిలా కనిపిస్తుంది.

నాకు ఇదంతా ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఒక చెయ్యి పిల్లవాడి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి వెచ్చగా తగిలితే తెర వైపు చూస్తున్నాను. ఆలస్యమైతే కిందికి చూస్తున్నాను.

ఆ హాల్లో మెషీను ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వేసి ఇంకోటి ఎక్కిస్తారు. మొదటిసారి దీపాలు వేసినప్పుడు వాడి మొహం మామూలుగానే ఉంది. పెదాలు తడారి ఉన్నాయి. పాలివ్వబోయాను. పట్టుకోలేదు.

రెండో కథ మొదలవగానే మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుంది. "ఇందాక ఏట్లో పడి చచ్చింది గదే. మళ్లీ వచ్చిందేంటి?"

"ఆవిడ వేరండీ, ఈవిడ వేరు. మొహం ఒకటే."

"మొహం ఒకటైతే వేరెలా అవుతుంది?"

"ఇది దొరల కాలం పిన్నీ" అంది సుబ్బరత్నం. "మళ్లీ పుట్టింది."

"మళ్లీ పుట్టి ఏం బావుకుంది, చీర కూడా చిరిగిందే కట్టింది" అంది అత్తగారు.

రెండో ఆవిడది కరువు కాలం. బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టకముందు, పొలాలు బీటలు తీసిన రోజులు. మొగుడు ఏమయ్యాడో తెలియదు. చంకలో పిల్ల. దొరలు గంజి పోస్తున్నారంటే పిల్లను గుడిసెలో పడుకోబెట్టి, ఏడవకుండా ఏదో నాకించి వెళుతుంది. వరసలో నిలబడి ముంతతో గంజి తెచ్చేసరికి పిల్ల లేవదు. ఆవిడ అక్కడే కూర్చుని ఆ గంజి తాను తాగుతుంది. ఏడవదు. నెమ్మదిగా మొత్తం తాగుతుంది. హాల్లో ఆడవాళ్లందరూ ముక్కులు చీదారు. మా అత్తగారు మాత్రం కళ్లు ఆర్పకుండా తెరకేసి చూస్తోంది.

మళ్లీ దీపాలు వేశారు. పిల్లవాడి పెదాల చుట్టూ నల్లగా ఉంది. బుగ్గ మీద తట్టాను. అరికాలు గిల్లాను. చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా పడిపోయింది.

"అత్తయ్యా, వీడు లేవడం లేదు."

"సగం కూడా పెట్టలేదు. ఇప్పుడే లేవడులే."

"అదేంటి పిన్నీ, నిజంగానే మళ్లీ పెట్టావా ఏంటి? ఇందాక ఊరికే అంటున్నావనుకున్నాను" అంది సుబ్బరత్నం. "పొద్దున పెరట్లో మామ్మ నాకించింది గదా. నేను గోడమీంచి చూశాను. బస్సులో కుదురుగా ఉంటాడంది."

అత్తగారు సుబ్బరత్నం వైపు చూసింది. తరవాత పిల్లవాడి కనురెప్ప ఒకటి వేలితో ఎత్తి చూసింది. వెంటనే వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుని భుజాన వేసుకుని, చాపల మీద కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ నడిచింది. ఎవరో తిట్టారు. నేను ఆవిడ వెనకే వెళ్లాను. తెర మీద మూడో ఆవిడ వచ్చేసింది. ఇప్పటి కాలం ఇల్లు, కరెంటు దీపం, బల్ల మీద రేడియో. ఆవిడ అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటోంది. అంతవరకే చూశాను.

బయట ఎండకు కళ్లు కనిపించలేదు. జట్కావాణ్ణి అత్తగారే పిలిచింది, మిషను ఆసుపత్రి అని ఆవిడే చెప్పింది. దారి పొడవునా వాడి అరికాళ్ల మీద కొడుతూనే ఉంది. నేను పేరు పెట్టి పిలుస్తున్నాను. అంకమ్మరావు అని తాత పేరు పెట్టారు. అంత పెద్ద పేరుతో వాణ్ణి నేనెప్పుడూ పిలవలేదు.

ఆసుపత్రిలో రూతు అనే నర్సమ్మ వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి కళ్లు చూసింది.

"నల్లమందేనా?"

"అవునండీ" అన్నాను.

"ఎంత పెట్టారు?"

నేను నోరు విప్పేలోపు అత్తగారు అంది: "ఇద్దరం పెట్టామమ్మా. నేనొకసారి, మా అత్త ఒకసారి. ఒకళ్లు పెట్టింది ఒకళ్లకి తెలీదు."

"బాగుంది. ఇంకెవరైనా మిగిలారా? అమ్మమ్మ వైపు నుంచి?" అంటూనే రూతమ్మ గొట్టం తెప్పించింది. పొట్ట కడిగారు. డాక్టరుగారు వచ్చి సూది వేశారు. తరవాత రూతమ్మ వాణ్ణి నా చేతుల్లో పెట్టి, "నిద్రపోనియ్యకు. తిప్పుతూ ఉండు. పాదాల మీద కొట్టు. జాలిపడ్డావంటే పోతాడు" అంది.

వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాం. నేను అలిసిపోతే అత్తగారు, ఆవిడ అలిసిపోతే నేను. ఆ కళ్లు ఎప్పుడు మూతపడతాయో అని చూస్తూ కన్నబిడ్డను కొడుతూ ఉండటం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. వాడు మూలిగితే బతికినట్టు ఉండేది. మూలగకపోతే ఇంకా గట్టిగా కొట్టేదాన్ని.

ఒకసారి వాణ్ణి నాకందిస్తూ అత్తగారు ఆగిపోయింది.

"నీ మొగుడి తరవాత నాకొక ఆడపిల్ల పుట్టింది. ఎవరన్నా చెప్పారా నీకు?"

"దిష్టి తగిలి పోయిందని మామ్మ చెప్పిందండీ."

"బాలత్రిపురసుందరి అని పెట్టుకున్నాం. ఆ రోజు కొత్త అచ్చు అతుకుతున్నాను. పొద్దున్నే నేను పెట్టి పడుకోబెట్టాను. మధ్యలో ఒకసారి కెవ్వుమంది. నేను లేవలేను గదా. మా అత్త వెళ్లి చూసొచ్చింది. తరవాత మళ్లీ ఏడవలేదు." వాడి అరికాలి మీద ఒకటి కొట్టింది. "వెళ్లి చూసొచ్చిందనుకున్నాను. ఏం పెట్టిందో అడగలేదు. ఆవిడా నన్ను అడగలేదు. ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు, పార్వతీ."

"కూర్చోండత్తయ్యా" అన్నాను. కూర్చోలేదు. మళ్లీ వాణ్ణి తీసుకుని నడక మొదలుపెట్టింది.

సినిమా వదిలాక సుబ్బరత్నం జట్కావాళ్లను వాకబు చేసి, మా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చంకలో చీరల మూట అలాగే ఉంది. పిల్లవాణ్ణీ వాళ్లమ్మనూ మార్చి మార్చి చూసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుబ్బరత్నం కాసేపు ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక ఊరుకోలేక, "ఆ మూడో ఆవిడ ఏమైందంటే పిన్నీ..." అని మొదలుపెట్టింది.

"ఇప్పుడొద్దు సుబ్బరత్నం" అంది అత్తగారు. "ఏమై ఉంటుందో తెలుసులే."

చీకటి పడే వేళకు వాడు ఏడ్చాడు. పిల్లి కూనలా సన్నగా మొదలై, తరవాత గొంతు దొరికింది. రూతమ్మ వచ్చి చూసి, ఇక పాలివ్వమంది. వాడు పట్టుకున్నాడు. కొట్టి కొట్టి కందిపోయిన వాడి అరికాళ్లు నిమురుతూ కూర్చున్నాను.

మర్నాడు మొదటి బస్సుకు ఇల్లు చేరాం. మామ్మ గుమ్మంలోనే ఉంది. "రాత్రి బస్సు తప్పిపోయిందా? నిద్రపోయాడా బంగారుకొండ? బస్సెక్కేముందు నేను నాకించబట్టి సరిపోయింది. లేకపోతే మిమ్మల్ని సినిమా చూడనిచ్చేవాడా?" అంది.

మా ఆయన నోరు తెరిచాడు. అత్తగారు చేత్తో వారించింది.

"ఇకమీదట పెట్టమాక అత్తా" అంది. "నేనూ పెట్టను. వాడికి పడటం లేదు."

"పడకపోవడమేంటి? మరి అచ్చెవరు అతుకుతారు?"

"అతుకుతాంలే."

మామ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. నేను అత్తగారి మొహం చూశాను. ఆవిడ నెమ్మదిగా, "చెప్పి ఏం చేస్తాం? ఆవిడ ఇంకెన్నాళ్లు బతుకుతుంది" అంది. అది మామ్మ మీద జాలో, ఏదీ చేతగాని అలసటో నాకు తెలియలేదు.

కూడు తిని అచ్చు ముందు కూర్చున్నాను. పిల్లవాణ్ణి అత్తగారు ఎత్తుకుంది. వాడు ఆవిడ దగ్గర ఉండడు. నేను కనిపించేంత దూరంలో ఉంటే నా కోసం చేతులు చాపుతాడు, కనిపించకపోతే ఇల్లెగరగొడతాడు. కాసేపు ఆవిడ తిప్పింది. కాసేపు నా ఒళ్లో వేసుకుని పని చేశాను. వాడు చేతికందిన పోగులు లాగాడు. లాగినవి విడదీసి మళ్లీ మెలిపెట్టాను. తరవాత పిల్లవాణ్ణి తిప్పమని నన్ను లేపి అత్తగారు నా చోట్లో కూర్చుంది. చూపు ఆనక ఒకచోట పోగు దాటేసి వరసంతా తప్పించింది. అదంతా విప్పాల్సి వచ్చింది.

రోజులో అయ్యే పని సాయంత్రానికి సగం కూడా కాలేదు. మా ఆయన ఖాళీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని మావైపే చూస్తున్నాడు. పిల్లవాడు మా ఇద్దరి పక్కన చాప మీద ఏడుస్తున్నాడు.

"అమ్మా, ఆ ఏడుపు కాస్త ఆపండి. తల పగిలిపోతోంది."

"ఏడవనీరా" అంది అత్తగారు తల ఎత్తకుండా.

కాసేపయ్యాక ఆయన లేచి వచ్చి, వాణ్ణి ఎత్తుకుని వీధిలోకి తీసుకుపోయాడు. ఏడుపు వీధి చివరి దాకా వినిపిస్తోంది. దూరమై వినపడకుండా పోతుందేమో అని నేను పోగు పట్టుకుని ఆగాను. అత్తగారి చేతులు కూడా ఆగాయి. మళ్లీ దగ్గరవుతున్నట్టు వినిపించాక ఇద్దరం వేళ్లకు బూడిద అద్దుకున్నాం.