మూడు చారలు

అరచేతుల మధ్య మైనపు ముద్దను కరిగేదాకా రుద్ది, కినుయో దాన్ని ఫుకునా మెడ వెనక పులిమింది. తర్వాత నీళ్లలో కలిపిన తెలుపును వెడల్పాటి కుంచెతో అద్దింది.

"అబ్బ, చల్లగా ఉంది పిన్నీ!"

"కదలకు. మెడా, చేపపిల్లా అది?"

పదిహేడేళ్ల ఫుకునా ఈవేళే మొదటిసారి మైకోగా, అంటే గీషా కాబోయే శిష్యురాలిగా, వీధిలోకి అడుగుపెడుతోంది. మామూలు రోజుల్లో మెడ మీద జుట్టు మొదళ్ల దగ్గర రెండు చారల మేర చర్మాన్ని తెలుపు వెయ్యకుండా వదులుతారు. ఇలాంటి రోజున మూడు వదలాలి. అందుకు రాగి అచ్చులున్నాయి. కినుయో మాత్రం చేత్తోనే వేస్తుంది. ఆమెకున్న పొగరల్లా అదొక్కటే.

ఆర్నెల్లుగా ఆమె కళ్లకు పొర కమ్మింది. దీపం వైపు చూస్తే పక్కనే ఇంకో దీపం కనిపిస్తోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని పోతుంది, ఇది తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. పద్నాలుగేళ్లప్పుడు నాట్యం నేర్చుకోవడానికే ఈ ఇంటికొచ్చింది. కాళ్లకు తాళం అబ్బలేదని వంటింట్లోకి తోశారు, తర్వాత ఈ కుంచె చేతికిచ్చారు. అదే రైల్లో వచ్చిన సుగియె గీషా అయింది, ఇప్పుడు ఇంటికి యజమానురాలు.

ఫుకునా కింది పెదవికి మాత్రమే ఎరుపు పెట్టింది కినుయో. మొదటి ఏడాది అంతే. సుగియె వచ్చి పిల్ల వెనక నిలబడింది.

"కినూ, ఎన్ని చారలే?"

"మూడు."

"లెక్కపెట్టు."

కినుయో కుంచె కొనతో గాలిలోనే చూపించింది. "ఒకటి, రెండు, మూడు."

సుగియెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"ఎన్నాళ్ల నుంచే ఇలా?"

కినుయో కుంచెను నీళ్లలో ముంచి కడిగింది.

"రెండే వేసిందా అమ్మా?" ఫుకునా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు, తెలుపు కారుతుంది. పక్కింటావిణ్ణి పిలుస్తాను, తుడిచి మళ్లీ వేస్తుంది. కినూ, నువ్వింటికి వెళ్లి పడుకో. రేపట్నుంచి రావద్దు."

ఈ ఇంట్లోంచి ఎంతమంది పిల్లలు ఆమె వేసిన చారలతో వెళ్లారో! ఆమె మెడకు మాత్రం ఎవరూ ఒక్కసారి కూడా కుంచె తాకించలేదు. కినుయోకు చావాలనిపించలేదు, బతకాలనీ అనిపించలేదు.

పెరటి తలుపు గుండా వెళ్లి వీధి మలుపులో ఆగింది. కాసేపటికి ఫుకునా నల్ల కిమోనోలో బయటికొచ్చింది. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. పిల్ల అటు తిరిగి వంగి దండం పెడుతుంటే, కినుయో ఆ తెల్లటి మెడను కళ్లు చికిలించి చూసి లెక్కపెట్టింది.

అయిదు.

మళ్లీ లెక్కపెట్టలేదు. జనాన్ని తప్పించుకుని వంతెన వైపు నడిచింది.

సాయంత్రం సుగియె ఇంట్లో పనిమనిషి అలంకరణ గదిని ఊడుస్తూ కినుయో కూర్చునే బొంత ఎత్తింది. దాని కింద సంతలో కొన్న చవక కళ్లజోడు ఉంది. ధర చీటీ ఇంకా అద్దానికే అంటుకుని ఉంది.