గావుకేక గాడు

మధ్యాహ్నం భోజనాల వేళయిందంటే చాలు, ఆ గుంపులో తిట్లు మొదలయ్యేవి.

గుంపంటే ఫోనులో గుంపు. పేరు ‘ఇప్పుడేం వింటున్నారు’. పాతికమంది కూడా ఉండరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నదీ లేదు. పాటల పిచ్చి ఒక్కటే వాళ్ళకి చుట్టరికం. ఎవరి పనిచోట వాళ్ళు క్యారేజీ మూత తీసి, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఆ పూట వింటున్న పాటేదో రాస్తారు. ఆ తర్వాత ఎవరి కష్టాలు వాళ్ళు వెళ్ళబోసుకుంటారు. డౌన్‌లోడు తొంభైతొమ్మిది దాకా వచ్చి గానుగెద్దులా అక్కడే తిరుగుతోందని లిఫ్టుల మెకానిక్కు మొత్తుకుంటాడు. నిన్నటిదాకా చక్కగా పాడిన పాట ఇవాళ పాలిపోయి కూర్చుంది, ఎంత నొక్కినా ఉలకదు పలకదని నర్సమ్మ గోల.

“నెలనెలా డబ్బు కట్టి అద్దెకి తెచ్చుకున్న పాటలు అంతేనమ్మా. ఇంటాయన ఎప్పుడు ఖాళీ చెయ్యమంటే అప్పుడు చెయ్యాల్సిందే” అని తీర్పు చెప్పేది రేడియో బాబాయి. ఆయనకి పాత రేడియోలు బాగుచేసే కొట్టుంది. గుంపు పెట్టింది ఆయనే, అందులో పెద్దరికమూ ఆయనదే.

ఇవన్నీ అయ్యాక అందరూ కలిసి ఒకడి మీద పడేవాళ్ళు. వాడు గుంపులో లేడు. వాడి పేరు ఎవరికీ తెలీదు. గావుకేక గాడని పిలుచుకునేవాళ్ళు.

వాళ్ళందరూ ప్రాణం పెట్టే గాయని ఒకావిడ ఉంది. ఆవిడ కచేరీ ఒకటి హాల్లో పాడింది పాడినట్టే రికార్డు చేసి విడుదల చేశారు. అందులో చివరి పాట వింటే రాయి కూడా కరుగుతుంది. చరణం చివర ఆవిడ గొంతు సన్నబడి, సన్నబడి, ఆగుతుంది. హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటుంది. సరిగ్గా అప్పుడు, జనం మధ్యలోంచి ఒక మగగొంతు పైకప్పు లేచిపోయేలా అరుస్తుంది.

“ఇంకోసారండీ! మా అక్క ఇప్పుడే వచ్చింది!”

హాలు గొల్లుమంటుంది. గాయని కూడా నవ్వాపుకోలేక, “రండక్కా, కూర్చోండి” అని, ఆ చరణం మళ్ళీ ఎత్తుకుంటుంది. అదంతా రికార్డులో అలాగే ఉండిపోయింది.

“నాకు దొరికితే వాడి పీక నొక్కుతాను” అని బాబాయి రాసేవాడు. “కళ్ళు మూసుకుని వింటుంటే చెవిలో మేకు దిగ్గొట్టినట్టు ఆ అరుపేంటి!”

“ఈ పాటికి ఏ సినిమా హాల్లో ఎవరి ప్రాణాలు తోడేస్తున్నాడో” అని మెకానిక్కు.

“పెళ్ళై ఉంటే ఆ పిల్లకి చెవులు ఎప్పుడో పోయుంటాయి” అని నర్సమ్మ.

“వాడినని ఏం లాభం? వేళకి రావడం చేతకాని ఆ మహాతల్లిని అనాలి” అని మళ్ళీ బాబాయి.

ఇదంతా కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో కూర్చుని చదివి, ఒకామె పడీపడీ నవ్వేది. షాపు యజమాని తలుపు సందులోంచి తొంగి చూసేవాడు. ఫ్రేములకి సరిపడా అద్దాలు అరగదీసే పని ఆమెది. ఆ మహాతల్లి ఆమే.

ఆ కచేరీ రోజున ఎవరో పెద్దాయన, కళ్ళజోడు ఇప్పటికిప్పుడు కావాలని షాపులో భీష్మించుక్కూర్చున్నాడు. ఆ పని ముగించుకుని అక్క పరుగుపరుగున హాలుకి వెళ్ళేసరికి చివరి పాట చివరికొచ్చేసింది. గుమ్మంలో ఆమెని చూసి తమ్ముడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఆ తర్వాత లోకమంతా విన్నదే. అక్కకి తల కొట్టేసినట్టయింది. పక్కన కూర్చుంటూ మోచేత్తో ఒక్క పోటు పొడిచి, “పరువు తీశావు కదరా” అంది. “పోతే పోనీ. టికెట్లు కొన్నది నేను. నువ్వొచ్చి చప్పట్లు మాత్రం విని పోవడానికి కొనలేదు” అన్నాడు వాడు.

అలాంటివాడు జ్వరమని తన కాళ్ళ మీద తాను నడిచి ఆసుపత్రికి వెళ్ళి, మళ్ళీ ఇంటికి రాలేదు.

చూడడానికి వచ్చిన బంధువులు ఒక్కొక్కరే కుర్చీలో కూర్చుని, బంగారమన్నారు, ఆణిముత్యమన్నారు. బతికుండగా వాడిని ఒక్కరూ బంగారమన్న పాపాన పోలేదు. వాగుడుకాయ అన్నారు, ఇంటికి పట్టనివాడన్నారు, వాడి గొంతు వింటే పక్కింటి పిల్లలు ఉలిక్కిపడి లేస్తారన్నారు. అది నిజం కూడా. ఆ బంగారం ఎవడో అక్కకి తెలీదు. ఆమెకి తెలిసింది వాగుడుకాయే.

ఆ తర్వాత ఇంట్లో వాడి ఊసు ఆగిపోయింది. మిగిలింది తల్లీకూతుళ్ళిద్దరే. అమ్మ ఏడుస్తుందని ఈమె ఎత్తదు, ఈమె ఏడుస్తుందని అమ్మ ఎత్తదు. ఉప్పెక్కువైందనో, కుళాయి కారుతోందనో మాట్లాడుకుంటారు. వాడి గొంతు దాచుకుందామన్నా ఏమీ మిగల్లేదు. వాడి ఫోను తాళం తీయించబోతే ఫోన్ల షాపువాడు లోపలున్నదంతా తుడిచిపెట్టి చేతిలో పెట్టాడు. ఒకే ఇంట్లో ఉండే అక్కాతమ్ముళ్ళు, ఒకరికొకరు మాటలు రికార్డు చేసి పంపుకోవాల్సిన పని ఏముంటుంది? మిగిలింది ఆ పాటలోని అరుపొక్కటే.

ఆ గుంపులో అయితే వాడు బతికే ఉన్నాడు. నిక్షేపంలా ఉన్నాడు. ఏ ఊళ్ళోనో తిరుగుతూ, ఎవరి చెవులకో చిల్లులు పొడుస్తూ, రోజూ తిట్లు తింటున్నాడు. చచ్చిపోయినవాడిని ఎవరు తిడతారు? అందుకే అక్క ఎవరికీ నిజం చెప్పలేదు. చెబితే ఆ మరుక్షణం వాడు మళ్ళీ బంగారమైపోతాడు. ఆ భయంతోనే ఆమె ఒక తెలివితక్కువ పని చేసింది.

ఆ అరుపు తీసేసి పాటని శుభ్రం చెయ్యమని రికార్డు కంపెనీకి ఒక విన్నపం రాశాడు బాబాయి. గుంపులో అందరూ కింద పేరు పెట్టారు. అక్క పేరొక్కటే మిగిలింది. “ఏం తల్లీ, గావుకేక గాడు నీకేమైనా చుట్టమా?” అని బాబాయి వేళాకోళమాడాడు. కాదనాలంటే కారణం చెప్పాలి. ఇలాంటి విన్నపాలు ఏ కంపెనీ చదివింది గనక అనుకుని, ఆమె కూడా పేరు పెట్టేసింది.

కంపెనీ చదివింది.

ఆరోజు మధ్యాహ్నం మెకానిక్కు పెద్దపెద్ద అక్షరాల్లో రాశాడు. “కొత్త రికార్డింగు వచ్చేసింది! గావుకేక గాడు ఔట్!”

“విన్నాను. పీడ విరగడైంది. అద్దంలా ఉంది పాట” అని బాబాయి.

“గావుకేక గాడి ఆత్మశాంతి కోసం అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించండి” అన్నాడు మెకానిక్కు. నిజంగానే నిమిషం పాటు ఒక్కరూ ఏమీ రాయలేదు. ఆ తర్వాత నవ్వే బొమ్మలు వరస కట్టాయి.

అక్క చేతిలో అద్దం యంత్రం మీద కాస్త పక్కకి జరిగి, అంచు పెచ్చు లేచిపోయింది. ఆమె యంత్రం ఆపి, చేతులు తుడుచుకుని, ఫోన్లో తన పాట తీసింది. ఎప్పుడో డౌన్‌లోడు చేసి పెట్టుకున్నది, నెట్టుతో పని లేకుండా వినేది. తనది తన దగ్గరే ఉంటుందని ధైర్యం. పాట మీద చిన్న నక్షత్రం మెరుస్తోంది. ‘మీ పాటలు మెరుగయ్యాయి!’ అని రాసి ఉంది. ఎవరడిగారు నిన్ను అందామంటే, అడిగినవాళ్ళలో తన పేరూ ఉంది.

చెవుల్లో పెట్టుకుని వింది. గొంతు సన్నబడింది, సన్నబడింది, ఆగింది. ఆ వెంటనే చప్పట్లు. అరుపు లేదు. జనం నవ్వు లేదు. “రండక్కా” లేదు. తన కోసం మళ్ళీ పాడిన చరణం కూడా లేదు. ఆ సాయంత్రం ఆమె హాలుకి అసలు రానే లేదన్నట్టుంది.

చెరిపేసి మళ్ళీ దించింది. అదే వచ్చింది. ఆప్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. పాస్‌వర్డు తప్పంది, కొత్తది పెట్టుకోమంది, జాగా చాలదంది, అన్నీ చేస్తే మళ్ళీ అదే పాట చేతిలో పెట్టింది. చివరికి సహాయ కేంద్రానికి రాసింది.

‘పాత రికార్డింగు కావాలి.’

‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. పాతదానిలో శబ్దలోపం ఉన్నందున తొలగించడమైనది.’

‘నాకు ఆ లోపమే కావాలి.’

‘మీ ప్రశ్నకు సమాధానం దొరికినందుకు సంతోషం. ఇంకేమైనా సహాయం కావాలా?’

గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయమనిపించింది ఆమెకి.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గదిలో మంచం అంచున కూర్చుని, గుంపులో రాసింది. “పాత రికార్డింగు ఎవరి దగ్గరైనా ఉందా?”

“అక్కా, ఇల్లు ఊడ్చాక చెత్త మళ్ళీ లోపలికి తెచ్చుకుంటావా?” అన్నాడు మెకానిక్కు.

“నా దగ్గరుంది. పాటలు కొనుక్కునే రోజుల్లో కొన్నది, ఫైలుగా దాచాను” అని బాబాయి రాశాడు. “కానీ ఇవ్వను తల్లీ. కొట్టు కట్టేలోపు చెరిపేస్తున్నాను. వాడి ఆనవాలు భూమ్మీద మిగలకూడదు.”

సరదాకే అన్నాడు. కానీ అన్నంత పనీ చేసే మనిషి. అక్క రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చెబితే వాడిని తిట్టే నోళ్ళన్నీ మూతపడతాయి. చెప్పకపోతే ఆ గొంతు ఇక ఎక్కడా ఉండదు. ఇద్దరిలో ఒక తమ్ముడినే ఉంచుకోవాలి. ఆలోచించడానికి వ్యవధి లేదు.

“చెరపకండి బాబాయ్. వాడు మా తమ్ముడు. లేటుగా వచ్చిన అక్కని నేనే. వాడు ఇప్పుడు లేడు. వాడి గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు.”

గుంపు ఈసారి నిజంగా మౌనం వహించింది.

తర్వాత దణ్ణం పెట్టే చేతులు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. “ఎంత ప్రేమ ఉంటే అంత గొంతెత్తి అరుస్తాడు తల్లీ! బంగారంలాంటి తమ్ముడు” అని నర్సమ్మ రాసింది. అది చాలదన్నట్టు, పైనున్న పాత మాటలు ఒక్కొక్కటే మాయమవడం మొదలుపెట్టాయి. ముందు మెకానిక్కువి, తర్వాత మిగతావాళ్ళవి. పీక నొక్కుతానన్న చోట, చెవులు పోయుంటాయన్న చోట, ‘ఈ సందేశం తొలగించబడింది’ అని ఖాళీ గీతలు మిగిలాయి. పాపం, మర్యాదకే చేస్తున్నారు. “ఉంచండి, దయచేసి ఉంచండి” అని ఆమె రాసేలోపు సగం పోయాయి. మిగతా సగం, ఆమె బాధపడుతోందనుకుని ఇంకాస్త త్వరగా తీసేశారు.

బాబాయి గుంపులో ఏమీ రాయలేదు. ఆమెకొక్కదానికే ఫైలు పంపాడు. ఎక్కడా ఆగకుండా, ఏమీ అడగకుండా గబగబా దిగిపోయింది.

వింది. గొంతు సన్నబడింది, ఆగింది. “ఇంకోసారండీ! మా అక్క ఇప్పుడే వచ్చింది!”

అదే గొంతు. ‘అక్క’ దగ్గర కాస్త జీరపోయే గొంతు. ఆమెకి తెలీకుండానే మోచెయ్యి పక్కకి కదిలింది. పక్కన దిండు ఉంది.

ఫోన్లో బాబాయి మాటలు వచ్చాయి. “అమ్మా, నన్ను క్షమించు. తెలీక అన్ని మాటలన్నాను. నా నోరు పడిపోను.”

“అలా అనకండి. మీరు తిడుతుంటే నాకు హాయిగా ఉండేది బాబాయ్. ఇంట్లో ఎవరం వాడి మాటెత్తం. వాడిని బతికున్నవాడిలా చూసింది మీరొక్కరే. నాకోసం ఇప్పుడు కూడా తిట్టండి. ఎప్పటిలాగే. ఒక్క తిట్టు.”

అవతల రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. ఏ తిట్టు వస్తుందా అని ఆమె చూపు తిప్పకుండా ఎదురుచూసింది. వెధవా అన్నా చాలు. అప్రాచ్యుడా అన్నా చాలు. చుక్కలు చాలాసేపు కదిలి, ఆగి, కదిలి, చివరికి ఒక్క మాట వచ్చింది.

“నా వల్ల కాదమ్మా.”

అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రిలో కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజున ఏడవలేదు. వాడి బట్టలు సర్దిన రోజునా ఏడవలేదు. ఇప్పుడు గొంతు పగిలేలా ఏడ్చింది.

వంటింట్లోంచి అమ్మ చేతి తడి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. “ఏమైందే? ఎవరు ఫోను చేశారు? ఏమైంది చెప్పు!”

“అమ్మా, తమ్ముడు చచ్చిపోయాడమ్మా” అంది అక్క, ఆ కబురు అప్పుడే వచ్చినట్టు.

ఎప్పటి మాటే అది, ఇప్పుడెందుకని అమ్మ అడగలేదు. మంచం మీద పక్కన కూర్చుని, కూతురి తల రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

“అవునే తల్లీ” అంది. “పోయాడు.”