ఒక్క దిమ్మ తేడా

నేను ఒక కాంటాను. ఎర్రంకెలు మెరిపించే ఇప్పటి డబ్బాను కాను. అడ్డంగా ఇనుప దండె, రెండు పక్కలా గొలుసులు, మనిషి కూర్చునేంత పళ్ళాలు, నడుమ ఒక ముల్లు. పరకాలలో సోమాచారి కొలిమిలో పుట్టాను. నన్ను సాగగొట్టిన చప్పుడుకు ఊళ్లో కోళ్లన్నీ ఒక జాము ముందే కూశాయి. నమ్మకపోతే మీ ఇష్టం, సాక్ష్యానికి ఆ కోళ్లు ఇప్పుడు లేవు.

మొదట ఒక పత్తి వ్యాపారి దగ్గర ఉన్నాను. కొనేటప్పుడు పళ్ళెం కింద ఆయన మోకాలు, అమ్మేటప్పుడు పళ్ళెం మీద ఆయన బొటనవేలు. నాకు మాత్రం రోజూ బొట్టు పెట్టి దండం పెట్టేవాడు. తర్వాత మిరప మార్కెట్లో పడ్డాను. అక్కడి ఘాటుకు గోడ గడియారం తుమ్మి పది నిమిషాలు వెనకబడడం నేను కళ్లారా చూశాను. చివరికి బెల్లం దుకాణం వీరమల్లు సేటు నన్ను కొని దూలానికి వేలాడదీశాడు.

రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వస్తుంది. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తల్లులకు ఇస్తారు. ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఒక పళ్ళెంలో మనిషి, ఇంకో పళ్ళెంలో బంగారం. ఒకసారి ఒక పహిల్వాను కూర్చుంటే ఆ వారమంతా ఊళ్లో చాయ్ చప్పగా ఉంది.

ఆ పళ్ళెంలోనే ఒక జాతరకు రవళిక కూర్చుంది. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు వేసే కొమురమ్మ కూతురు. బొద్దుగా ఉండేది. ఆమె నవ్వితే నా గొలుసులు గలగలలాడేవి. ‘తలుపుల్లేని ఇల్లు’ అనే టీవీ ఆటలోకి పిలుపు వచ్చిందని ఆ మొక్కు. కొమురమ్మ అక్కడే కొత్త మొక్కు మొక్కింది: “తల్లీ, నా బిడ్డ సల్లగుంటే మళ్లొచ్చే జాతరకు గూడ ఎత్తు బంగారమిస్త.”

ఆ ఆట సంగతి సేటు ఫోనులో నేనూ చూశాను. మనుషులను ఒక ఇంట్లో మూసి, తినడం, ఏడవడం, గురక పెట్టడం ఊరందరికీ చూపిస్తారు. రవళిక అన్నం కలుపుకునే బొమ్మలకు డప్పుల మోత జోడించి ‘పళ్ళెం రవళిక’ అని పేరు పెట్టారు. జనం పడిపడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బయటికొచ్చాక తినడం తగ్గించింది. సన్నబడుతున్న కొద్దీ చప్పట్లు పెరిగాయి. చప్పట్లు వింటూ తినడమే మరిచిపోయిందని అందరూ అనుకున్నారు. మరవడం కాదని నాకు తర్వాత తెలిసింది.

రెండేళ్లు తిరిగి జాతర వచ్చింది. ఈసారి రవళిక ఒక టీవీ డాన్సు పోటీలో ఉంది, మొక్కు రోజుకు మర్నాడే హైదరాబాదులో దాని ఫైనలు. దానికి ముందు సొంత ఊళ్లో మొక్కు చూపించాలని టీవీవాళ్లు కెమెరాతో సహా దిగారు. కొమురమ్మ ముందే సేటుకు చెప్పి పెట్టింది: “పోయినసారి ఎంతనో గంతే కట్టి పెట్టు, సేటూ. నా బిడ్డ ఎత్తు నాకు ఎరుకే.”

బంగారం దిమ్మలన్నీ ఒక పళ్ళెంలో పెట్టారు. రవళిక రెండో దాంట్లో కూర్చుంది. అంతే, సేటు పట్టు వదలగానే ఆమె పళ్ళెం గాలిపటంలా పైకి లేచింది. జనం ఈలలు వేశారు.

“అదిరింది మేడం! అలాగే ఉండండి,” అన్నాడు డైరెక్టరు. “సేటు గారూ, ఒక్కో దిమ్మా తీయండి. క్లోజప్!”

సేటు ఒక దిమ్మ తీశాడు. నా ముల్లు కదల్లేదు. ఇంకొకటి తీశాడు. కదల్లేదు. ఈలలు పెరిగాయి. నాకు మాత్రం గొలుసు పట్టుకున్న ఆమె వేళ్ల చలి తెలుస్తోంది. ఆ వేళ్లలోంచి గుండె చప్పుడు నా దండె దాకా వస్తోంది. రెండు దెబ్బలు కొట్టి మూడోది మరిచిపోతోంది. ఎన్నో బరువులు మోశాను గాని అలా ఆగి ఆగి నడిచే బరువును మోయలేదు. నోరు లేకుండా పుట్టించిన సోమాచారిని ఆ రోజు తిట్టుకున్నాను.

సేటు మరో దిమ్మ మీద చెయ్యి వేశాడు. కొమురమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు.”

“గట్లంటె ఎట్లక్కా? ముల్లు నిలవాలె గద.”

ఆమె కూతురివైపు తిరిగింది. “పొద్దుగాల తిన్నవా, బిడ్డా?”

“తిన్ననే అమ్మా. కెమెరా నడుస్తాంది, ఊకో.”

“తల్లి బంగారం ఎదురుంగ కూసున్నవు. గిప్పుడు చెప్పు.”

ఈలలు ఆగిపోయాయి. రవళిక గొలుసును ఇంకా గట్టిగా పట్టుకుంది. “తినలే. తినబోతె భయమైతాందే. ముద్ద లేపంగనే అందరు నవ్వుతున్నట్టే ఉంటది. తిన్నా కడుపుల ఉండనియ్య.”

ఆమె వేళ్లు గొలుసు మీంచి జారాయి. పళ్ళెంలోంచి పడబోయిన పిల్లను కొమురమ్మ, సేటు చెరోపక్క పట్టుకున్నారు.

“సూపర్! కట్ చేయొద్దు,” అన్నాడు డైరెక్టరు.

కొమురమ్మ కొంగు తీసి ఆ కెమెరా కన్ను మూసేసింది. “బిడ్డ సల్లగుంటె ఇస్తనన్న, సారూ. సల్లగ లేదు. మొక్కు లేదు, మీ డాన్సూ లేదు. సేటూ, ఆటో పిలువు. హన్మకొండ దవాఖానకు పోవాలె.”

ఆ తర్వాత సేటు ఎర్రంకెల డబ్బా కొన్నాడు. నేను వెనక గోడెక్కాను. రవళిక కబుర్లు చాయ్ తాగేవాళ్ల నోట వచ్చేవి. ఒకరోజు తింటోందని, ఒకరోజు కంచం తోసేస్తోందని, డాక్టరమ్మ దగ్గరికి మాత్రం తప్పకుండా పోతోందని.

మళ్లీ జాతర వచ్చింది. కెమెరా లేదు, తల్లీకూతుళ్లే వచ్చారు. డబ్బా చూడగానే రవళిక గడపలో ఆగిపోయింది. “అంకెలొద్దు, కాకా. అంకె చూస్తె మల్ల మొదటికొస్త. ఆ పాతది దించుతవా?”

సేటు దించాడు. బూజు దులిపాడు. మొదటి జాతరనాటంత బంగారం ఒక పక్క, ఆమె ఒక పక్క. కొమురమ్మ కళ్లు మూసుకుంది. గొలుసు మీద వేళ్లు వెచ్చగా ఉన్నాయి. గుండె మూడో దెబ్బ కూడా కొట్టింది. ముల్లు ఊగి ఊగి, నడిమికి కాస్త ఇవతల నిలిచింది.

సేటు ఒక దిమ్మ తీశాడు. ముల్లు నిటారుగా నిలబడింది.

“ఒక్కటేనా?” అంది కొమురమ్మ కళ్లు తెరిచి.

“ఒక్కటే,” అంది రవళిక. “అది పక్కకు పెట్టు, కాకా. వచ్చే జాతరకు పట్టుకపోత.” నవ్వింది. నా గొలుసులు కొంచెమే గానీ గలగలలాడాయి.

పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడల్లా నన్ను పైకీ కిందికీ చూస్తాడు. సేటు తల అడ్డంగా ఊపుతాడు. “దాన్ని ముట్టకు. దానికి ఇంకో దిమ్మ పనుంది.”

ఆ దిమ్మను నా పక్కనే, చీమలు పట్టకుండా, డబ్బాలో మూతపెట్టి ఉంచాడు.