ముసలమ్మ వేషం

డిసెంబరులో ఒరిబెల్ మోకాలు మొరాయించింది. రొట్టె కొనుక్కుని వస్తూ మెట్ల మీదే కూలబడిపోయింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఈసారి ఆట మాటే ఎత్తొద్దన్నాడు. కార్నివాల్ చూస్తే రెండు నెలల్లో ఉంది.

మాంటెవిడియోలో ఆమె ఉండే బారియో సుర్ పేటకు డోళ్లే ప్రాణం. ఆదివారం సాయంత్రమైతే వీధి మలుపులో పాత అట్టపెట్టెలు తగలబెట్టి డోళ్లు కాచుకుంటారు. తోలు బిగిసి ఖంగుమనగానే దళం ఇస్లా దె ఫ్లోరెస్ వీధి వెంట కదులుతుంది. ముందు ముసలమ్మ వేషం, ముసలి వైద్యుడి వేషం ఆడుతూ నడుస్తాయి. వైద్యుడు తెల్లగడ్డంతో, చేతికర్రతో, ఆకుమందుల సంచీతో వణుకుతూ ఆమెను మురిపించాలి. ఆమె ఒక చేత గొడుగు పట్టుకుని, ఇంకో చేత విసనకర్ర ఊపుకుంటూ మురిసిపోవాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ ముసలమ్మ ఒరిబెల్, ఆ వైద్యుడు ఆమె మొగుడు వాల్డెమార్. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. గడ్డం తగిలించుకుంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆమెతో ఊసులాడేవి. ఆ సరసం కోసమే ఆమె ఏడాదంతా ఎదురుచూసేది.

దళంవాళ్లు ఆ వేషం జుల్మాకు ఇచ్చారు. జుల్మా అదే భవనంలో కింది అంతస్తులో ఉంటుంది. నలభై ఆరేళ్లది, మొగుడు పోయి నాలుగేళ్లయింది. ఆసుపత్రి బట్టలు ఉతికేచోట పని. అంతకుముందు వెనక వరుసలో ఆడేది.

మొదటి రిహార్సల్‌కు ఒరిబెల్ పేవ్‌మెంటు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. వాల్డెమార్ జుల్మా ముందు వణికాడు, కర్ర తిప్పాడు, చివరికి మోకాలి మీద వాలాడు. ఒరిబెల్ లెక్క చూసుకుంది. తనకోసం అలా వాలింది కార్నివాల్ పోటీ రోజున మాత్రమే. దీనికైతే ఉత్త రిహార్సల్‌కే!

"మీ ఆయనకి పదేళ్లు తగ్గినట్టున్నాయే!" అంది పక్కన నిలబడ్డ ఒకావిడ.

"తగ్గింది వయసు కాదులే, బుద్ధి," అంది ఒరిబెల్.

ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయింది. "నీ మోకాళ్లు బానే వంగుతున్నాయే! నాకు కట్టు కట్టమంటే వంగవు."

"ఆటే ముసలీ, ఆట," అన్నాడు వాల్డెమార్ చొక్కా విప్పుకుంటూ.

"పంతొమ్మిదేళ్లు నాతో ఆడిందీ ఆటేనా అయితే?"

అతను చొక్కా కొక్కేనికి తగిలించి పడుకున్నాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు.

మర్నాడు జుల్మాయే తలుపు తట్టింది. "అక్కా, నాకేం చేతకావట్లేదు. ఆయన మీదికొచ్చేస్తుంటే ఎటు తిరగాలో తెలీట్లేదు. నువ్వే నేర్పాలి."

వద్దని తోసెయ్యబోయింది ఒరిబెల్. అంతలో ఒక ఆలోచన తట్టింది.

"రా, కూర్చో," అంది. "ముందా నవ్వు మానెయ్. ముసలమ్మంటే పేటకి పెద్ద దిక్కు. ప్రతి సన్నాసీ కర్ర ఊపగానే పళ్లికిలిస్తుందా? వాడు కుడిపక్కకొస్తే నువ్వు ఎడంపక్కకి తిరుగు. ఇంకా దగ్గరికొస్తే మధ్యలో గొడుగు తెరువు. మొహం చూడనివ్వకు."

"మరి నువ్వు ఆయన్ని చూసి నవ్వేదానివి కదక్కా?"

"నేను కట్టుకున్నదాన్ని. నీకేం పని?"

వంటింట్లో మూడు వారాలు పాఠాలు సాగాయి. కుర్చీలోంచి లేవకుండానే ఒరిబెల్ గొడుగు ఎలా విదిలించాలో, మెడ ఎలా తిప్పుకోవాలో చూపించింది. అందులో ఒక్కటీ తను ఎప్పుడూ ఆడింది కాదు. మొగుడి మొహాన కొట్టాలనిపించినవన్నీ జుల్మా చేత కొట్టించింది.

మధ్యలో ఒక ఆదివారం వాల్డెమార్ రిహార్సల్ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఆవిడకి నేనంటే ఎందుకో మంట. గొడుగు ముక్కుకి తగిలింది."

ఆ పూట ఒరిబెల్ హుషారుగా పిండి కలిపి తోర్తా రొట్టెలు వేయించి పెట్టింది.

ఫిబ్రవరిలో పోటీ ఊరేగింపు వచ్చింది. బాల్కనీలు విరిగిపోతాయేమో అన్నంత జనం. వీధి చివర మడత కుర్చీలో ఒరిబెల్. డోళ్లు గుండెల్లో మోగుతున్నాయి. వాల్డెమార్ కర్ర తిప్పాడు, జుల్మా మెడ తిప్పేసుకుంది. అతను వణికాడు, ఆమె గొడుగు విప్పింది. జనం గొల్లున నవ్వారు. అతనికి పౌరుషం వచ్చింది. టోపీ విసిరేశాడు, మందుల సంచీ తెరిచి ఆకులన్నీ ఆమె కాళ్ల ముందు పోశాడు, నేల మీద పాకాడు. ఒరిబెల్ ఈ వాల్డెమార్‌ను జన్మలో చూడలేదు. "ఒక్కసారి చూడమ్మా, చచ్చిపోతున్నాడు!" అని బాల్కనీల మీంచి అరుపులు. వీధి చివర జుల్మా గొడుగు కొంచెం దించి, భుజం మీదుగా ఒకే ఒక్క చూపు చూసింది.

ఆ చూపు ఒరిబెల్ నేర్పింది కాదు. వీధి హోరెత్తిపోయింది. ఆమె మాత్రం కుర్చీ అంచు పట్టుకుని బిగుసుకుపోయింది.

ఉత్తమ ముసలమ్మ బహుమతి జుల్మాకు వచ్చింది. ఒరిబెల్‌కు పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ రానిది. క్లబ్బులో మాంసం కాలుస్తుండగా జుల్మా ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, "ఇదంతా ఒరిబెల్ అక్క పెట్టిన భిక్ష!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒరిబెల్ పళ్లెం పక్కన పెట్టేసింది. చేతులు కడుక్కునేచోట జుల్మాను నిలేసింది.

"నీ మంచి కోరి నేర్పలేదు. ఆయన్ని నీ దగ్గరికి రానివ్వకూడదని నేర్పాను."

"తెలుసక్కా. రెండో రోజే తెలిసింది."

"తెలిసీ ఎందుకు నేర్చుకున్నావే?"

"బాగుంది కాబట్టి. గొడుగు విదిలించేటప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు. వీధిలో నేను వేసింది నీ వేషమే."

ఇంటికి వెళ్తూ వాల్డెమార్ గడ్డం ఊడబీకి జేబులో కుక్కుకున్నాడు. "ఆ గొడుగు పని నామీద నువ్వెప్పుడూ ఎందుకు చెయ్యలేదు?" అన్నాడు.

"విసుగొచ్చి పోతావని భయం."

"పిచ్చిదానా," అన్నాడు. ఆ మాటలో వినిపించిన దిగులు తనకోసమా, ఆ ఆట అయిపోయినందుకా అని ఆమె దారంతా మథనపడింది.

మార్చి చివర మోకాలు నయమైంది. ఒరిబెల్ నేరుగా జుల్మా తలుపు తట్టింది.

"వచ్చే ఏడు వేషం నాది."

"దళాన్ని అడిగి తీసుకో. నేనైతే వదులుకోను," అంది జుల్మా మాతే టీ పాత్ర అందిస్తూ.

ఒరిబెల్ గొట్టంతో ఒక గుక్క పీల్చి వెనక్కిచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని అడిగింది. "ఆ చివరి చూపు... ఎలా చూశావే?"

"చెప్పను."

"చెప్పకు! నేనే కనిపెడతాను," అని విసురుగా లేచింది ఒరిబెల్. రైలింగు పట్టుకోకుండానే మెట్లు ఎక్కింది.